ఎన్ని చేతులు, ఎవరి చెయ్యి

ఈ మధ్య టీవీలో ఏ జంటను చూపించినా వాళ్ళిద్దరి మధ్య కెమిస్ట్రీ భలే కుదిరిందంటారు. ఉద్యోగమంతా కెమిస్ట్రీ చెప్పి బతికినదాన్ని, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సోడియానికీ క్లోరిన్‌కీ మధ్య జరిగేది కెమిస్ట్రీ. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి నవ్వితే దాన్ని నవ్వడమంటే సరిపోతుంది. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎప్పుడైనా కలిస్తే నన్ను ఉడికించడానికే ఆ మాట అంటుంటారు. తెలిసి కూడా ప్రతిసారీ ఉడుక్కుంటాను.

మనుషులనూ మూలకాలనూ ఒకే గాటన కట్టడం తప్పని నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను. ఆ పని నేను నాలుగో ఫారంలోనే, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలోనే చేశాను. చేసి, చాలా ఏళ్ళు దాన్నే నమ్ముకుని బతికాను.

నన్ను పెంచింది మా అత్తయ్య, నాన్నకు చెల్లెలు. నాకు ఊహ రాకముందే అమ్మ పోయింది. నాన్న రోడ్లూ వంతెనలూ కట్టే చోట టైంకీపరు. పని ఎక్కడుంటే అక్కడ రేకుల షెడ్డే ఇల్లు. అలాంటి చోట ఆడపిల్లను ఎలా పెంచుతానని నన్ను తెచ్చి జగ్గయ్యపేటలో అత్తయ్యకు అప్పగించాడు. ఆవిడ అక్కడి మిషన్ బడిలో ఒకటో తరగతి చెప్పేది. అప్పటికి ఆవిడకు పెళ్ళి కాలేదు. మొదట వాళ్ళమ్మ మంచాన పడింది, ఆవిడ పోయాక నేను వచ్చి పడ్డాను. మధ్యలో ఏళ్ళు గడిచి అత్తయ్యకు ముప్పై దాటాయి.

అత్తయ్య పొడగరి. తెల్ల చీర, నల్ల గొడుగు, మగవాళ్ళు కూడా అందుకోలేని నడక. ముద్దు చేసేది కాదు, ఒళ్ళో కూచోబెట్టుకునేది కాదు. జ్వరం వస్తే మాత్రం బడికి సెలవు పెట్టి పక్కన కూచుని, నిద్రపోయే దాకా నా అరికాళ్ళు రాస్తూ ఉండేది. నాకు జ్వరమంటే ఇష్టంగా ఉండేది.

నాలుగో ఫారంలో మా సైన్సు మాస్టారు సంయోజకత, అంటే వేలన్సీ, పాఠం మొదలుపెట్టారు. పుస్తకంలో హైడ్రోజన్‌ని ఉదజని అనీ, ఆక్సిజన్‌ని ఆమ్లజని అనీ రాసేవారు. ఆయన మాత్రం పరీక్షలో అలా రాయండి, నాతో మామూలుగా మాట్లాడండి అనేవారు. ప్రతి మూలకానికీ కొన్ని చేతులున్నాయనుకోండి అన్నారు. హైడ్రోజన్‌కి ఒకటి, ఆక్సిజన్‌కి రెండు, నైట్రోజన్‌కి మూడు, కార్బన్‌కి నాలుగు. ఆ చేతుల లెక్కే వేలన్సీ. ఖాళీ చెయ్యి ఖాళీ చేతిని పట్టుకుంటే పదార్థం తయారవుతుంది. ఏ చెయ్యీ ఖాళీగా ఉండకూడదు.

అంతకు ముందు ఏడాది ఆయన పిల్లలనే నిలబెట్టి చేతులు పట్టించబోయారట. ఆక్సిజన్‌గా నిలబెట్టినవాడు ఊరి బయట మా పేట కుర్రాడు. హైడ్రోజన్‌లుగా పిలిచింది ఊళ్ళో రైతుల పిల్లలను. వాళ్ళు లేచి వచ్చారు గానీ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ఆ రోజు నీళ్ళు తయారు కాలేదు. అందుకని మా తరగతికి జొన్న దంట్లు తెమ్మన్నారు. దంటు పైపెచ్చు చీరేస్తే లోపల తెల్లటి బెండు ఉంటుంది. మెట్ట ఊళ్ళ పిల్లలందరికీ దాంతో ఎడ్లబండ్లు చేసి ఆడుకోవడం అలవాటే. బెండును ముక్కలు కోసి, ఆక్సిజన్ ముక్కలకు ఎర్ర సిరా పూశాం, కార్బన్ ముక్కలకు బొగ్గు రాశాం, హైడ్రోజన్‌ను తెల్లగానే ఉంచాం. చీపురుపుల్లలు విరిచి చేతులుగా గుచ్చాం. బెండు ముక్కల దగ్గర ఎవరికీ పేచీ రాలేదు.

ఎవరో లేచి, ఆక్సిజన్‌కి రెండు చేతులున్నాయి కాబట్టి దానికి ప్రేమ ఎక్కువా అని అడిగారు. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

"వేలన్సీ చేతులెన్నో చెబుతుందిరా. ఎవరి చెయ్యి పట్టుకోవాలనుందో చెప్పదు. ఆ లెక్క వేరే," అన్నారు.

ఆ మాట వినీ విననట్టు వదిలేశాను. నాకు కావలసింది వేరే ఉంది. హైడ్రోజన్‌కి ఒక్కటే చెయ్యి. దాన్ని ఒకరు పట్టుకుంటే ఇంకొకరికి చోటు లేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో జరుగుతున్నదానికి ఇంతకంటే సరైన వివరణ లేదనిపించింది.

మా ఇంట్లో అత్తయ్యకు పెళ్ళి కుదురుస్తున్నారు. వరుడు చిల్లకల్లులో బడిపంతులు, భార్య పోయి రెండేళ్ళయింది, ఇద్దరు చిన్న పిల్లలు. మా చర్చి సంఘ పెద్దలు, నాన్న కలిసి మాట్లాడుకున్నారు. ఇన్నాళ్ళకు మంచి సంబంధం వచ్చిందని అందరూ అన్నారు. అత్తయ్య సరే అనలేదు, కాదనలేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు. మిగతా సగం సంగతి ఆవిడనెవరూ అడగలేదు.

ఆయన సైకిలు మీద మా ఇంటికి వచ్చేవాడు. నెమ్మదైన మనిషి. వచ్చినప్పుడు గడప దగ్గర చెప్పులు సరిగ్గా జత కలిపి విడిచేవాడు. కాఫీ ఇస్తే ఊదుకుంటూ చప్పుడు లేకుండా తాగేవాడు. నాకు పెద్దగా మాట్లాడటం రాదమ్మా అని నాతోనే చెప్పాడు. ఒకసారి నా కోసం జామెట్రీ బాక్సు తెచ్చాడు. మా తరగతిలో అమ్మాయిలెవరికీ అప్పటికి అది లేదు. ఆ పెట్టె మీద నాకు ఎంత ఆశ ఉండేదో చెప్పలేను. అది ఆయన చేతిలోంచి వచ్చిందన్న కోపమూ అంతే ఉండేది. తీసి చూసేదాన్ని, మూసి గూట్లో పెట్టేదాన్ని, మళ్ళీ తీసేదాన్ని. ఒకే వస్తువు మీద మనసు ఇలా రెండుగా ఉండటం నాకు అదే మొదలు, చాలా చిరాగ్గా ఉండేది.

ఒకరోజు సాయంత్రం అత్తయ్య రొట్టెలకు జొన్నపిండి కలుపుతుంటే ఎదురుగా కూచుని వేలన్సీ పాఠం చెప్పాను. చివరికి అసలు సంగతికి వచ్చాను. నీకు ఒక్కటే చెయ్యుంది అత్తయ్యా, దాన్ని ఆయన పట్టుకుంటే నేనేమవ్వాలి అన్నాను.

"ఒక్కటే అయితే ఈ పళ్ళెం ఎవరు పట్టుకున్నారే?" అంది అత్తయ్య. ఆ పిండిని అవసరమైనదానికంటే చాలాసేపు కలిపింది.

మా చర్చిలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారునికీ ఫలానా వారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయవచ్చు అని పాస్టరుగారు అడుగుతారు. అడిగి, ఒక్క క్షణం ఆగి, పాట నంబరు చెబుతారు. ఆ క్షణంలో ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పడానికి ఉండేవి కూడా నాలుగైదే: మొదటి భార్య బతికి ఉండటం, వరస కాకపోవడం, బాప్తిస్మం లేకపోవడం, అలాంటివి. మొదటి ఆదివారం అత్తయ్య పేరు చదివినప్పుడు మా పక్క చాప మీద ఆడవాళ్ళందరూ తిరిగి చూసి నవ్వారు. అత్తయ్య పాటల పుస్తకం తెరిచి అందులోనే చూస్తూ ఉంది.

ఆ వారం మధ్యలో వరుడి తల్లి బస్సులో వచ్చింది. మర్యాదగానే మాట్లాడింది. ఇంట్లో ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నారు, ఎదిగే ఆడపిల్ల ఇంకొకతె ఎందుకు, ఈ అమ్మాయిని మిషన్ బోర్డింగులో చేరిస్తే చదువూ వస్తుంది, భక్తీ వస్తుంది అంది. నేను లోపలి గదిలో ఉన్నాను, గుమ్మానికి తలుపులు లేవు, తెరే ఉంది. అత్తయ్య జవాబు చెబుతుందని చూశాను. కాఫీ తీసుకోండి అంది, అంతే. బోర్డింగు ఎలా ఉంటుందో మా పేటలో సెలవులకు వచ్చే పిల్లలు చెప్పేవాళ్ళు. నా భయం బోర్డింగు గురించి కాదు. జ్వరం వస్తే అరికాళ్ళు ఎవరు రాస్తారన్నదే భయం.

రెండో ఆదివారం పాస్టరుగారు ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరముంటే అన్నారు. అత్తయ్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ లేచి నిలబడింది. కాళ్ళు తిమ్మిరెక్కి లేచిందనుకున్నారందరూ.

"నాకుందండి అయ్యగారూ," అంది. "నా దగ్గర పిల్ల ఉంది. దాన్నొదిలి నేను రాను."

తన పెళ్ళికి తనే అభ్యంతరం చెప్పిన పెళ్ళికూతురిని మా సంఘం అంతకు ముందు చూడలేదు. పాస్టరుగారు చేతిలో కాగితం వైపు ఒకసారి, అత్తయ్య వైపు ఒకసారి చూశారు. పెద్దలు కూచున్న బెంచీ వైపు కూడా చూశారు. చివరికి ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని పాట నంబరు చెప్పారు. అత్తయ్య కూచుని అందరితో పాటు పాడింది. అంత సంతోషం నాకు అంతకు ముందు లేదు, ఆ తరవాతా చాలాకాలం రాలేదు. ఆ సంతోషంలోనే ఏదో బరువు కూడా ఉంది. దాన్ని ఏమనాలో తెలియలేదు.

మరుసటి వారం ఆయన వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు జత కలిపి విడిచాడు. మా అమ్మ అన్న మాట నా మాట కాదండి, అమ్మాయి మనతోనే ఉంటుంది, నా పిల్లలతో పాటే పెరుగుతుంది అన్నాడు. తెర వెనక నుంచి నేను అంతా విన్నాను. ఇక అభ్యంతరం లేనట్టే కదా అనుకున్నాను. అత్తయ్య మాత్రం, దేవుని సన్నిధిలో అన్న మాట వెనక్కి తీసుకోలేనండి అంది. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కుండానే కీసర వైపు అమ్మాయిని చేసుకున్నాడని విన్నాం. అత్తయ్యది మాట పట్టింపనీ, ఆ పట్టింపు నా కోసమేననీ అనుకున్నాను.

ఆ ఒక్క మాటతో అత్తయ్యకు సంఘంలో పెద్ద పేరు వచ్చింది. అంతకు ముందు పెళ్ళి కాని టీచరమ్మ, ఇప్పుడు అన్న బిడ్డ కోసం పెళ్ళి మానుకున్న మనిషి. స్త్రీల కూడికలో ఆవిడ మాట చెల్లేది. పాస్టరుగారు ఒక ప్రసంగంలో పేరు చెప్పకుండా ఆవిడ సంగతి చెబితే, అందరూ మా వైపు చూశారు. ముసలమ్మలు నన్ను ఆపి, మీ అత్తయ్యను మర్చిపోమాకమ్మా అనేవాళ్ళు. మర్చిపోయే వీలు ఎక్కడిది? మోకాళ్ళు పట్టేసి అత్తయ్య గోడ పట్టుకుని లేస్తే అది నా వల్లనే అనిపించేది. పండగకు ఎవరైనా మొగుడూ పిల్లలతో వస్తే ఆవిడ ముఖం వైపు చూడలేకపోయేదాన్ని. ఆవిడ మామూలుగానే ఉండేది. అది కూడా నా కోసం దాచుకోవడమే అనుకునేదాన్ని.

నేను బాగా చదివాను. చదవక ఏం చేస్తాను? పి.యు.సి., బి.ఎస్సీ. అయ్యాక టీచర్ల ట్రైనింగు కాలేజీలో చేరాను. అక్కడ సైకాలజీ చెప్పే లెక్చరరు ఒకరోజు బోర్డు మీద ఒక పిల్లవాడి బొమ్మ గీసి, ఒక వైపు మిఠాయి, ఇంకో వైపు బెత్తం గీశాడు. మిఠాయి పక్కన కూడిక గుర్తు, బెత్తం పక్కన తీసివేత గుర్తు పెట్టాడు. ఒక వస్తువు మనసును తన వైపు లాగితే దానికి ధన వేలన్స్, దూరంగా నెడితే ఋణ వేలన్స్ అన్నాడు. నాకు నిద్ర మత్తు వదిలింది. మా కెమిస్ట్రీ మాట ఇక్కడేం చేస్తోందని లేచి అడిగాను.

రెండింటికీ మూలం ఒకటే, బలం అనే అర్థమున్న లాటిన్ మాట అన్నాడాయన. అంతకు మించి చుట్టరికం లేదన్నాడు. కెమిస్ట్రీలో అది ఎంతమందితో కలవగలదన్న లెక్క, అందులో ఇష్టాయిష్టాలు లేవు. మనసు విషయంలో అది ఇష్టమా అయిష్టమా అన్న గుర్తు, ఎంతమందన్న లెక్క అక్కడ లేదు. పైగా ఆ గుర్తు వస్తువు మీద ఉండదు, చూసేవాడిలో ఉంటుంది. పాలంటే ఒకడికి ప్రాణం, ఇంకొకడికి వాంతి. పాలలో తేడా లేదు, ఎందుకని అడిగితే వాడి దగ్గర జవాబూ ఉండదు. ఒకే వస్తువుకు రెండు గుర్తులూ ఉండొచ్చా అని అడిగాను. ఉండొచ్చు, అప్పుడే మనిషి ముందుకూ పోలేక వెనక్కీ పోలేక నిలబడిపోతాడు అన్నాడు. జామెట్రీ బాక్సు సంగతికి ఇన్నాళ్ళకు పేరు దొరికిందని బస్సులో కీసర దగ్గర మున్నేరు దాటుతూ నవ్వుకున్నాను. అత్తయ్య సంగతికి మాత్రం ఆ పాఠం ఎందుకో అన్వయించుకోలేదు.

నందిగామ హైస్కూల్లో సైన్సు అసిస్టెంటుగా ఉద్యోగం వచ్చింది. అత్తయ్య అప్పటికి మోకాళ్ళ నొప్పులతో బడి మానేసింది, నాతో వచ్చేసింది. గాంధీ బొమ్మకు దగ్గర్లో రెండు గదుల పెంకుటిల్లు. నేను కూడా జొన్న బెండ్లతోనే వేలన్సీ చెప్పేదాన్ని. తరగతిలో చేతులు పట్టుకోమంటే పట్టుకునే రోజులు అప్పటికీ రాలేదు.

పంచాయతీ సమితి ఆఫీసులో ఒక గ్రామసేవకుడు ఉండేవాడు. వీరులపాడు వైపు ఊళ్ళు ఆయన కింద ఉండేవి. రైతులకు అమ్మోనియం సల్ఫేటు వాడటం నేర్పడం ఆయన పని. చాలామంది అది ఉప్పని పక్కన పెట్టేసేవాళ్ళట. మట్టిలో పులుపుందో లేదో చూడాలి, లిట్మస్ కాగితాలు ఇస్తారా అని ఒకరోజు స్కూలుకు వచ్చాడు. ఇచ్చాను. వాడనివి జాగ్రత్తగా మడిచి తెచ్చి తిరిగి ఇచ్చాడు. లిట్మస్ కాగితాలు తిరిగి ఇచ్చిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు. తరవాత మట్టి పొట్లాలు తెచ్చి ఇది చూడండి, అది చూడండి అనేవాడు. సైకిలు మీద ఎండలో తిరిగి ముఖం కమిలిపోయి ఉండేది. నాకు చెప్పేటప్పుడు ఎక్కడ లేని హుషారు. ఆయన వచ్చే రోజు నేను ఇంట్లో ఉతుక్కున్న చీర కూడా ఇస్త్రీ పెట్టి కట్టుకునేదాన్ని. అది గమనించి నా మీద నాకే నవ్వొచ్చింది.

ఎండాకాలం సెలవుల్లో పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చింది. అత్తయ్య బజారుకు వెళ్ళిన వేళ చూసుకునే వచ్చింది. ఆ అబ్బాయి మన సంఘంవాడే, నిన్ను చేసుకుంటానంటున్నాడు, నీ మాటేమిటంది. ఆయనకు తిరువూరు వైపు బదిలీ కాబోతోంది. అక్కడ ముసలి తల్లిదండ్రులూ, చదువుకునే తమ్ముళ్ళూ ఒకే ఇంట్లో ఉంటారు. నాతో పాటు అత్తయ్య రాదు. ఆడపిల్ల అత్తవారింట్లో పుట్టింటివాళ్ళు పూట భోజనం చేస్తేనే నామర్దా అనుకునే మనిషి. ఆవిడ ఈ రెండు గదుల్లో ఒక్కతే మిగులుతుంది. ఆలోచించుకుని చెబుతానని కూడా అనలేదు. అత్తయ్యను వదిలి రానండి, చెప్పేయండి అన్నాను. పాస్టరమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నన్ను మెచ్చుకుంది. ఆవిడ వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. ఆయన ఇక మట్టి పొట్లం పట్టుకుని రాడు.

మర్నాడు మధ్యాహ్నం వరండాలో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి గోతాం దింపించింది అత్తయ్య. ఇద్దరం ముక్కులకు గుడ్డలు కట్టుకున్నాం. అత్తయ్య చేతులు ఆపకుండానే మాట మొదలుపెట్టింది.

"పాస్టరమ్మగారు చర్చి దగ్గర కలిసింది. నన్నొదిలి రానన్నావంట."

ఉన్న మాటే అన్నాను అన్నాను. నువ్వు నా కోసం చేసిందానికి ఇదెంత అని కూడా అన్నాను. చాలా ఏళ్ళుగా అనాలనుకుని దాచుకున్న మాట అది. అనగానే గుండె తేలికపడుతుందనుకున్నాను.

అత్తయ్య ముక్కుకు కట్టిన గుడ్డ కిందికి లాగింది.

"నేనా రోజు లేచింది నీ కోసం కాదు," అంది. "నాకాయనంటే ఇష్టం లేదు."

నాకు అర్థం కాలేదు. ఆయన ఏమన్నా అన్నాడా, అలవాట్లు ఏమన్నా ఉన్నాయా అని అడిగాను. లేవంది. మంచాయనేనంది. ఏ వంకా పెట్టలేమంది. ఆయన గదిలోకి వస్తే తనకు లేచి బయటికి పోవాలనిపించేదట. ఆయన కాఫీ తాగి పెట్టిన గ్లాసు తీయాలన్నా మనసొప్పేది కాదట. ఎందుకో తెలియదంది, అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అమ్మాయి కూడా మనతోనే ఉంటుందని ఆయన వచ్చి చెప్పిన రోజు గుండె ఆగినంత పనయిందట, ఉన్న ఒక్క సాకూ పోయిందని.

"మరి ఆ మాటే చెప్పకపోయావా?" అన్నాను.

"ఎవరికి చెప్పను? అభ్యంతరం ఉందా అనడిగారు. ఇష్టం లేకపోవడం అభ్యంతరమా? ముప్పై దాటినదానికి ఇష్టమేంటని నవ్వేవాళ్ళు. పిల్లుందంటే మాత్రం అందరూ నోరు మూసుకున్నారు."

నన్ను అడ్డం పెట్టుకున్నావా అని అడిగాను. పెట్టుకున్నా అంది. నాకు కోపం వచ్చింది. చిన్న కోపం కాదు. ఆవిడ మోకాళ్ళ నొప్పులూ, ఒంటరితనమూ, పండగల దిగులూ అన్నీ నావేనని మోసుకుంటూ ఇంతదాన్నయ్యాను. అవన్నీ నావి కావట. చేతిలో మిరపకాయ చాటలోకి విసిరేశాను. అయితే నన్ను పెంచడం కూడా సాకేనా అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక భయమేసింది.

అత్తయ్య నా వైపు తిరిగింది.

"అది నాకిష్టమై చేశా. దాన్నీ దీన్నీ కలపమాక," అంది.

అంతకు ముందెప్పుడూ ఆవిడ నేనంటే ఇష్టమని చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా కసిరినట్టే చెప్పింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. అప్పుడు తట్టింది, ఆవిడ ఏం చేసిందో. సంఘంలో ఆవిడకున్న గౌరవమంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఆ మాట అబద్ధం కాదు గానీ అసలు కారణం కాదని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆవిడను ఎంతో గొప్పదనుకునే ఒకే ఒక్క పిల్ల ముందు ఆ గొప్పను తీసి కింద పెట్టింది, ఆ పిల్ల వెళ్ళిపోవడానికి దారి ఇవ్వడం కోసం. నువ్వొక్కదానివే ఎలా ఉంటావు అని అడగబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"అది నా సంగతి. నేను అడిగేదానికి జవాబు చెప్పు. నన్ను మధ్యలోకి తేకుండా చెప్పు. అతనంటే నీకిష్టమా, కాదా?"

నన్ను ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. నేను కూడా అడుక్కోలేదు. పాస్టరమ్మగారు నీ మాటేమిటంది, అది వేరు. చెప్పడానికి నోరు తెరిచాను. ఆయనకు బదిలీ అయితే నువ్విక్కడ, అని మొదలుపెట్టాను. నన్ను తేవద్దన్నానా అంది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఆవిడే వచ్చింది. ఆవిడ లేకుండా నాకు ఒక్క వాక్యం కూడా కుదరడం లేదని అప్పుడే తెలిసింది. అత్తయ్య తొందరపెట్టలేదు. ఒక్కో తొడిమా తుంచుతూ కూచుంది. రోడ్డు మీద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు, ఆయన కాదు.

"ఇష్టమే అత్తయ్యా," అన్నాను.

"మళ్ళీ నన్ను తెచ్చావ్."

"ఇష్టమే," అన్నాను.

అత్తయ్య చాట తన వైపు లాక్కుంది. పాస్టరమ్మగారు సాయంత్రం ప్రార్థనకు వెళ్ళేలోపే పోయి ఆ మాట చెప్పి రమ్మంది. నేను లేచాను. అప్పటికే నాకు కళ్ళు కనిపించడం లేదు.

"ముందు చేతులు కడుక్కో," అంది. "ఆ చేతుల్తో కళ్ళు తుడుచుకోమాక, కారం."